బంద్‌ల తగ్గిన పెట్రోలు

ఏమంటివి? మల్ల చెప్పు. "నడుమ జర అమ్మినమని రాసుకుందాం మేడం" అంటివా?

గట్లెట్ల అంటవయ్యా నోటికొచ్చినట్టు? నిన్న పొద్దుగాల్నే వచ్చి, టాంకు పరీక్ష చెయ్యాలె, ఒక్క బొట్టు పొయ్యొద్దు అని నువ్వే నా బంకు బంద్ పెట్టిపిస్తివి. అడ్డంగ తాడు కట్టిపిస్తివి. నర్సాపూర్ బస్సులు పొయ్యే రోడ్డు, శ్రావణం లగ్గాలు, వచ్చిన బండి వచ్చినట్టే తిప్పి తోలిన. నువ్వే టాంకుల కొలత కర్ర దించి చూసినవ్, నువ్వే మూతకు తాళం ఏసినవ్, తాళంచెయ్యి జేబుల ఏసుకున్నవ్. ఇయ్యాల మల్ల నువ్వే తాళం తీసి కర్ర దించినవ్. కర్ర మీద పెట్రోలు తడి ఒక గీత కిందికి పోయింది. పోతే నేనేం జేస్త? నేను అమ్మిన్నా?

కూసో. లేవకు. నేను మాట్లాడుతుంటె ఫైలు సర్దుకుంటె నాకు కోపమొస్తది.

"భూమిల ఉన్న టాంకులకు కొత్త రూల్స్ వచ్చినయ్ మేడం, నీళ్ళు ఖరాబు కావొద్దని. చిన్న బంకులోళ్ళు పరేషాన్ కావొద్దు, మేం సాయం చేస్తం" అని కార్డు చేతుల పెట్టినవ్. నవీన్ అని పేరు, కింద ఇంగ్లీషుల ఏందేందో. సాయమంటే టాంకు బాగు చేపిస్తవనుకున్న. లీక్ అని రాస్తే టాంకు తవ్వాలె, నెలలకు నెలలు బంకు మూతపడ్తది. అమ్మినమని ఒక్క మాట రాస్తే పరీక్ష చెల్లదు, వచ్చే ఏటికి జరుగుతది. గిదా నువ్వు చేసే సాయం? దొంగకు సందు చూపెట్టుడు గూడ సాయమే మరి.

తమ్మీ, నా కంటె చిన్నోనివి, తమ్మీ అనే అంట. నువ్వు హైదరాబాద్‌ల ఉంటవ్, నీకు తెల్వదు. గీ మెదక్‌ల నిర్మలమ్మ ముంగట గా మాట ఎవ్వలూ అనరు. ఎనుక అంటరు. ఎనుక అననోడు లేడు.

రెండేండ్ల కింద సకల జనుల సమ్మె యాదున్నదా? నువ్వు కాలేజిల ఉన్నవేమో. ఈడ ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులన్ని డిపోల. మా ఆయన రఘుపతి తాసిల్ ఆఫీసుల క్లర్కు, ఆయన గూడ సమ్మెల దిగిండు. రాందాస్ చౌరస్త కాడ టెంటు ఏసిండ్రు. పొద్దున అంబలి తాగి పోతె పొద్దుగూకినంకనే ఇంటికి. గొంతు పోయేదాక నినాదాలు. ఇంటికొచ్చి సైగలతోని మాట్లాడేటోడు.

మొగడు టెంటుల కూసుంటె పెండ్లాం బంకు తెరిచి కూసుంటదా? ఎవ్వలు అడగకముందే నేనే బంద్ పెట్టిన. వేరే బంకులోళ్ళు పగలు తాళమేసి, పొద్దుగూకినంక క్యాన్లల్ల జర జర పోసేటోళ్ళు. నేను పొయ్యలే. దవాఖాన డాక్టరు బండికి గూడ పొయ్యలే. ఆయన మొహం చూసి బాధయ్యింది గని పొయ్యలే. తొంభై ఆరుల కంపెనోళ్ళు చిన్న ఊర్లల్ల గూడ బంకులిచ్చినప్పుడు ఆడోళ్ళ కోటాల నా పేరు మీద వచ్చింది గిది. మా నాయన అల్లాదుర్గ్ కాడి చెలక కుదువ పెట్టి నిలవెట్టిండు. గా బంకును తెలంగాణ కోసం మూసిన. ఊకె చెప్తలేను, మనస్ఫూర్తిగ మూసిన.

అయినా మాట పుట్టింది. మొగడేమో టెంటుల సమ్మె, పెండ్లామేమో ఎనుక దర్వాజ కాడ పోలీసు జీపులకు పెట్రోలు. ఎవడు పుట్టిచ్చిండో ఇప్పటికీ తెల్వదు. పుట్టిచ్చినోని నోట్ల మన్ను పడ.

జయానందం అని మా ఆయన దోస్తే, టెంటుల మైకు ఆయన చేతులనే ఉండేది. "అమ్ముడుపోయినోళ్ళు ఎక్కడ్నో లేరు, మన ఇండ్లల్లనే ఉన్నరు" అన్నడట మైకుల. పేరు చెప్పలే. చెప్పకపోతె ఏంది, అందరు మా ఆయన దిక్కే చూసిండ్రట.

మా ఆయనకు రోషం ఎక్కువ. టెంటుకెల్లి సీదా బంకుకొచ్చిండు. ఇంటికి గూడ రాలే. కర్ర తీసుకొని టాంకుల దించిండు. బంద్ పెట్టిన నాడు ఎక్కడిదాక ఉండెనో ఆయనకు తెలుసు, గా నాడు దించి చూసింది ఆయననే. ఇప్పుడు చూస్తె నాలుగు వేళ్ళ మందం తగ్గింది. నేను పక్కనే నిలవడ్డ. నా కండ్లతోని నేను గూడ చూసిన.

ఒక్క మాట అడిగిండు. "ఎవరికి పోసినవ్?"

అమ్మినవా అని అడగలే, సూడు. ఎవరికి అని అడిగిండు. అంటే అమ్మిన అని ఆయన మనసుల అప్పటికే అయిపోయింది.

పొయ్యలే అన్న. ఏడుపాయల దుర్గమ్మ మీద ఒట్టేసిన. "మరి పెట్రోలు ఎగిరిపోయిందా" అన్నడు. ఎండకాలమైతె ఆవిరైందంటం, గది వానలు కొట్టే కాలం. ఉత్త ఒట్టును ఎవడు నమ్ముతడు?

గా నాటికెల్లి ఇగ చూడు. కొట్టలే, తిట్టలే, ఇంట్లకెల్లి ఎల్లగొట్టలే. పెడితె తింటడు, అడిగితె చెప్తడు. గని ఆయన బండికి పెట్రోలు నా బంకుల పోసుకోడు. నా మొగడు, తమ్మీ. ఇంట్ల పెండ్లాం పేరు మీద బంకు పెట్టుకొని, ఊరవతల వేరేటోని బంకుకు పొయ్యి లైన్ల నిలవడి పోసుకుంటడు. ఊరంత చూస్తది. చూసి ఏమనుకుంటది? మొగడే నమ్మలేదంటె నిజమే అయ్యుంటది అనుకోదా?

గా ఏడు సమ్మె నడుస్తుండంగనే సద్దుల బతుకమ్మ వచ్చింది. నేను గూడ పేర్చుకొని పోయిన. మా గల్లి ఆడోళ్ళే. చిన్నప్పటికెల్లి నా చేతి సత్తుపిండి తిన్నోళ్ళు. అందరి బతుకమ్మలు నడుమ పెట్టిండ్రు, నాది పక్కకు జరిపిండ్రు. ఒకామె కాలితోని జరిపింది. కాలు తగిలిందట, కావాల్నని కాదట. నేను మల్ల ఎత్తుకొని ఇంటికి పోదామని వంగిన.

గప్పుడు ఐలవ్వ వచ్చింది.

తెలుసు గద, పక్క గుడిసె హోటలు, పొద్దుగాల నీకు చాయ్ తెచ్చిందే, గా ముసల్ది. తన బతుకమ్మను నడుమకెల్లి తీసుకొచ్చి నా దాని పక్కన పెట్టింది. పెట్టి చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంది. ఆమెది కాకి గొంతు. ఇద్దరమే ఆడినం. అందరు చూస్తుండంగ ఇద్దరమే.

అంతటితోని ఊకోలే. తెల్లారి టెంటు కాడికి పోయింది. "నా హోటలు గా బంకు గోడకే ఉన్నది, పగలు ఈడనే, పండుకునుడు ఈడనే, ఒక్క జీపు రాలే, ఒక్క డబ్బ నిండలే, నిర్మలమ్మ అమ్మలే" అని జయానందం ముంగట కొంగు దులిపి చెప్పొచ్చింది. ఊరంత అమ్మింది అన్నది. ఐలవ్వ ఒక్కతే నమ్మింది. నమ్మినందుకు ఆమెను గూడ ఇడిసిపెట్టలే. నీ హోటలంత పెట్రోలు వాసన ఎందుకొస్తుందే, క్యాన్లు నీ కాడనే దాస్తుందా అన్నరు.

ఇప్పుడు తెలంగాణ ఇస్తం అన్నరు గద. మొన్న చౌరస్తల పటాకలు కాల్చిండ్రు, మిఠాయిలు పంచిండ్రు. జయానందం మా ఆయనను కౌగిలిచ్చుకున్నడట. నాకు మిఠాయి ఎవ్వలు ఇయ్యలే. బంకు ముంగటికెల్లే ర్యాలీ పోయింది. ఒకడు నా దిక్కు చూసుకుంట "అమ్ముడుపోయినోళ్ళు గూడ పండుగ చేసుకోండ్రి" అని ఒర్రిండు.

గందుకు తమ్మీ, నీకు గది ఒక మాట. ఒక గీత తగ్గింది, అమ్మినమని రాస్తే అయిపోతది. నేను గా మాట నా చేతితోని రాసిన నాడు, గీ ఊరంత అన్నది నిజమని నేనే ఒప్పుకున్నట్టు.

ఏంది? మరి గప్పుడే చిల్లు అనుకోలేదా అంటవా?

మాకు తెల్వదనుకోకు. పరీక్ష చేసినం. కర్ర కొసకు పేస్టు రాసి దించుతం, టాంకు అడుగున నీళ్ళుంటె రంగు మారుతది. గా వానలల్ల గూడ మారలే. చిల్లుంటె బయటి నీళ్ళు లోపటికి రావాలె గద? కుండకు చిల్లుంటె కుండల నీళ్ళు రావా, చెరువుల ముంచితె? రాలే. నీళ్ళు రాలే అంటే చిల్లు లేదు. మా ఆయన గట్లనే అన్నడు, నేనూ గట్లనే అనుకున్న. బంకు పెట్టిన కాడికెల్లి మేం నేర్చుకున్నది గదే.

ఎందుకు తల అడ్డంగ ఊపుతవ్?

ఆగు. ఆగు. మెల్లగ చెప్పు. భూమిల నీళ్ళు టాంకు కన్న కిందికి ఉంటె లోపటికి రావా? చెరువుల ముంచిన కుండ కాదు, ఒడ్డు మీద పెట్టిన కుండ అంటవా? చిల్లుకెల్లి లోపటిది బయటికి పోవుడే గని, బయటిది లోపటికి వచ్చుడు లేదు. పేస్టు రంగు మారదు.

మరి రోజూ అమ్మేటప్పుడు ఎందుకు తెల్వలే మాకు? ఆఁ, గదే. రోజూ పోస్తుంటె, రోజూ లోడు వస్తుంటె, జర తగ్గినా లోడు తక్కువొచ్చిందనో ఆవిరైందనో అనుకుంటం. బంద్ పెడితెనే తెలుస్తది. కదలకుంట ఉంటెనే తెలుస్తది.

అంటే గా సమ్మెల గూడ... నిన్న ఎట్ల తగ్గిందో అప్పుడు గూడ గట్లనే తగ్గిందా? తల ఊపుడు కాదు, నోటితోని చెప్పు. అవును అను.

అవునా.

రాయి. లీక్ అని రాయి. పెద్ద పెద్ద అక్షరాలల్ల రాయి, తెలుగుల రాయి. అమ్మలే, కారింది అని రాయి. బంకు మూతపడితె పడనీయ్. నెలలు కాదు, ఏడాది పడనీయ్. గా కాయితం జయానందం మైకుల చదవాలె. నా బతుకమ్మను తన్నినామె ఇంటి ముంగట అతికియ్యాలె. మా ఆయనకు ఫోన్ చేస్త, ఇప్పుడే చేస్త. ఆఫీసుల ఉంటడు. రా, వచ్చి చూడు, ఎవరికి పోసినవ్ అంటివి గద, భూమికి పోసిన అని చెప్త. రెండేండ్ల కోపం ఉన్నది నాకు, ఒక్క ఫోనుల ఒడిసేది కాదది.

ఏది నా ఫోను. ఇదిగో.

గట్ల కిటికిలకెల్లి ఎటు చూస్తున్నవ్ నువ్వు? నేను ఇంత చెప్తుంటె నవ్వవేంది? నేను లీక్ అని రాయమంటె నీకు సంబురం కావాలె గద, రూల్ ప్రకారం నడిచే మనిషి దొరికిందని.

మరి గా పెట్రోలు... ఎప్పటికెల్లి కారుతుందో ఏమో, గదంత ఎటు పోయిందంటవ్?

పల్లం దిక్కుకా.

మాది మిట్ట. రోడ్డు దిక్కు మిట్టనే. పల్లమంటే ఎనుక...

ఐలవ్వ బాయి.

ఆమె చాయ్ పెట్టేది గా బాయి నీళ్ళతోనే.

నువ్వు చాయ్ తాగలే. పొద్దుగాల ఆమె తెచ్చి పెట్టింది, గట్లనే ఉన్నది గ్లాసు, మీగడ కట్టింది. షుగరున్నదేమో అనుకున్న. షుగరు కాదు. నీకు గ్లాసు మూతి కాడికి రాంగనే వాసనొచ్చింది. నీకు పొద్దుగాల్నే తెలుసు. నేను తాగుతుంటె నా దిక్కు చూస్తున్నవ్, ఏమన్నవ్? ఏమనలే. నేను రోజూ తాగుత గా చాయ్. బంకుల బతికేటోళ్ళ ముక్కుకు పెట్రోలు వాసన తెల్వదు తమ్మీ. నా చీరకు అదే, నా అన్నంల అదే. ఆమె తెచ్చిన చాయ్‌ల ఉంటె నాకేం తెలుస్తది?

ఆమె చెప్పింది. నేను ఇనలే అని కాదు, ఇన్న. "అమ్మా, బాయి నీళ్ళు గ్యాసునూనె వాసన కొడ్తున్నయ్" అన్నది. బ్లీచింగు పొడి తెప్పిచ్చి ఇచ్చిన. మల్ల కొన్ని దినాలకు "అమ్మా, నా చెయ్యి మంచిగ లేదు, చాయ్ ఎవ్వలు తాగుతలేరు" అన్నది. పాత గిన్నెలు పారేసి కొత్తయి కొన్నది. చాయ్‌పత్త మార్చింది. ఇడ్లి బంద్ పెట్టింది. తప్పు తన చేతిలనే ఉన్నదనుకుంట గిన్నెలు తోముడే తోముడు, గా బాయి నీళ్ళతోనే. నడుమ కడుపుల మంటని దవాఖానకు పోయింది. కారం తగ్గియ్యి ముసల్దానా అన్నరట. తగ్గిచ్చింది. నీళ్ళు అవే తాగుతుంది.

నన్ను నమ్మినందుకు ఊరు ఆమెను బదనాం చేసింది, క్యాన్లు దాస్తున్నవని. క్యాన్లు ఏడున్నయ్? ఆమె బాయిల ఉన్నయ్.

ఏమంటున్నవ్? గట్టిగ అను. బాయి సంగతి మనకు అవసరం లేదు, మన పని టాంకు వరకే? ఆమెకు ఇప్పుడే చెప్పొద్దు, కేసు పెడ్తది?

ఐలవ్వ కేసు పెట్టదు తమ్మీ. పెడితె మంచిగుండు. నా మొహం మీద ఉమ్మేసినా మంచిగుండు. ఆమె ఏం జేస్తదో నాకు తెలుసు, గదే నాకు భయం.

ఒక మాట చెప్త, నీతోనే ఉండనీయ్. ఇప్పుడే, నువ్వు కిటికిలకెల్లి చూసినప్పుడు, గా బాయి అని నాకు ఎరుకైనప్పుడు, నువ్వన్న మాట నా నోటి దాక వచ్చింది. అమ్మినమని రాసెయ్యి అందామనుకున్న. రెండేండ్లు గా మాట మోసుకుంట తిరిగిన. మొగడు నా బంకు మొహం చూడక, బతుకమ్మ పక్కకు జరిపి, అన్నీ పడ్డ. గంత పడ్డదాన్ని, ఐలవ్వ ముంగట నిలవడే కన్న గా మాటే నయమనిపిచ్చింది. అమ్మిన అని రాస్తే బంకు ఉంటది, టాంకు ఉంటది, ఆమె గట్లనే చాయ్ తెస్తది, నేను గట్లనే తాగుత. ఎవ్వలకు ఏం తెల్వదు. నిమిషంల గింత ఆలోచన చేసిన. నేను గూడ మంచిదాన్నేం కాదు, రాసుకో.

పెన్ను లోపట పెట్టు. ఫోన్ గూడ వద్దు. మా ఆయన రెండేండ్లు ఆగిండు, ఇంకో పూట ఆగుతడు.

అగో, గ్లాసులకు వస్తుంది. నువ్వు నోరు తెరవకు. నువ్వు ఇంగ్లీషుల చెప్తె ఆమె నీకే దండం పెడ్తది.

ఐలవ్వా, రా. గ్లాసులు తర్వాత తీద్దువు, కూసో. కింద కాదు, గా కుర్చీల కూసో. ఏం కాదు, కూసో. గీ సారు టాంకు పరీక్ష చేసిండు. సమ్మెల పెట్రోలు తగ్గింది గద, యాదికున్నదా, మా ఆయన కర్ర పెట్టి చూసిండు. నేను అమ్మలే. టాంకుకు చిల్లున్నదట. అప్పటికెల్లే కారుతుందట.

అవును. అవును, నువ్వు చెప్పిందే నిజమైంది. ఊరంత మీద నువ్వొక్కదానివే... ఏడువకు. దుర్గమ్మకు తర్వాత మొక్కుదువు, ముందుగాల నా మాట ఇను. జయానందం కాడికి పోతవా, ఇప్పుడెందుకు పోవుడు, కూసో.

గా గ్లాసు ఎందుకు ఎత్తుతున్నవ్? సారు తాగలేదు, పారబోస్తె పాపమని నువ్వు తాగుతవా?

తాగకు ఐలవ్వా. కింద పెట్టు. నవ్వకు, సంబురపడకు, నేను చెప్పింది సగమే ఇన్నవ్. కారిందన్న గద. గా పెట్రోలు ఏడికి కారిందో అడుగు నన్ను.